ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా: కొబ్బరి తోటల మధ్య ఒక రోజు ప్రయాణం

అనంతపురంలో మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా, ప్రకృతి సేద్యం చేసే రైతుల్ని కలుస్తూ సాగుతున్న మన రోడ్డు ప్రయాణంలో ఒక రోజు మొత్తం కోనసీమకే కేటాయించాం. ధవళేశ్వరం నుంచి అంతర్వేది వరకు నూరు కిలోమీటర్లకి కాస్త పైనే ఉంటుంది. ఎక్కడా ఆగకపోతే మూడు నాలుగు గంటల దారి. మాకు పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా పట్టింది. దారి ఎంత అందంగా ఉంటుందో పై వీడియోలో చూస్తారు. అయితే కెమెరాకి అందని సంగతి ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

నీళ్లు వచ్చే దారి

ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ ఎక్కి బొబ్బర్లంక వైపు వచ్చాం. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ దాని తర్వాత కట్టినది. మధ్య డెల్టాకి, అంటే గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న కోనసీమకి, నీళ్లు ఇక్కడి నుంచే బయలుదేరతాయి. కాలువ గట్టు వెంబడే లొల్ల లాకులు, ఆత్రేయపురం దాటాం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక పొట్లం కొనుక్కుని, అరటి గెలల లారీలు బారులు తీరిన రావులపాలెం మీదుగా కొత్తపేట రోడ్డెక్కాం.

ఇక్కడిదాకా చూసిందంతా నీళ్లు వచ్చే దారి. తలుపులు, లాకులు, తూములు అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. ఈ నీళ్లు చివరికి ఎలా బయటికి పోతాయన్నది మాత్రం సాయంత్రానికి గానీ తెలియలేదు.

కొత్తపేట, అంబాజీపేట: మూడంతస్తుల తోట

పలివెల దాటాక రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరే. అయితే ఒట్టి కొబ్బరి కాదు. పైన కొబ్బరి, మధ్యలో కోకో, అరటి, కింద కంద, పసుపు. ప్రకృతి సేద్యం శిక్షణల్లో మనం బొమ్మలు గీసి చెప్పే అంతస్తుల పంటని ఇక్కడివాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నారు. కొబ్బరి చెట్టుకి చెట్టుకి ఎనిమిది మీటర్ల దూరం పెడితే ఎకరానికి అరవై పైచిలుకు మొక్కలు పడతాయి. చెట్టు చురుకైన వేళ్లు ఎక్కువగా మొదలు చుట్టూ రెండు మీటర్లలోపే ఉంటాయి. మిగతా నేల మరో పంటకి ఖాళీయే కదా!

ఒక తోటలో పాదుల్లో కొబ్బరి డొక్కలు బోర్లించి పరిచి, పైన మట్టలు కప్పారు. డొక్క తీసి చూస్తే కింద నేల తడిగా, వానపాముల మట్టితో మెత్తగా ఉంది. ఇదే పని చేయాలనుకునే రైతులు ఘనజీవామృతం ముందు వేసి, ఆ తర్వాత డొక్కలు పరవండి.

ఈ దారిలో ఆకుల మీద నల్లటి మసి కూడా కనిపిస్తుంది. అది సర్పిలాకార తెల్లదోమ పని. మన దేశంలో దీన్ని మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో గుర్తించారు. రసాయనాలు కొడితే ఈ దోమని తినే మిత్రపురుగులు ముందు చస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఇసారియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రం మీద పనిచేసింది. లీటరు నీటికి ఐదు గ్రాములు కలిపి ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టమంటారు.

అమలాపురం నుంచి రాజోలు

బండారులంక మగ్గాల చప్పుడు వింటూ అమలాపురం చేరి, భోజనం అయ్యాక 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకున్నాం. బోడసకుర్రు దగ్గర వంతెన మీద వైనతేయ దాటితే పాశర్లపూడి. 1995 జనవరిలో గ్యాస్ బావి పేలి 65 రోజులు మండిన ఊరు ఇదే. తాటిపాక, రాజోలు, మలికిపురం దాటి సముద్రం వైపు వెళ్లేకొద్దీ రంగు మారుతుంది. తోటల మధ్య రొయ్యల చెరువులు, వాటి పక్కన మురుగు కాలువలు.

కేశనపల్లిలో తలలేని చెట్లు

మలికిపురం మండలం కేశనపల్లి దగ్గర కారు ఆపాం. మట్టలు రాలిపోయి, మొవ్వు ఎండి, స్తంభాల్లా నిలబడ్డ కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా ఉన్నాయి. శంకరగుప్తం డ్రెయిన్ గుండా పోటు సమయంలో సముద్రపు నీరు ఎగదన్ని తోటల్లోకి చేరడమే దీనికి కారణమని రైతులు చెబుతున్నారు. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి ఈ తోటలే చూశారు.

కొబ్బరి ఉప్పు గాలిని తట్టుకుంటుంది. పోటుకి వచ్చి పాటుకి వెళ్లిపోయే నీటినీ కొంతవరకు ఓర్చుకుంటుంది. పోకుండా నిలిచిన ఉప్పునీటిని మాత్రం తట్టుకోలేదు. వేళ్లకి గాలి ఆడదు, కొత్త వేరు రాదు. "పైన మట్ట పచ్చగా ఉందని మురిసిపోకండి, మొవ్వు చూడండి. అది సన్నబడిందంటే చెట్టు అయిపోయినట్టేనండి" అన్నారు గట్టు మీద నిలబడ్డ ఒక పెద్దాయన. 1996 నవంబరు తుపాను తర్వాత ఆయన మళ్లీ నాటుకున్న తోట అది. గాలికి పడిపోతే మళ్లీ నాటుకున్నారు. ఉప్పుకి చచ్చిన చోట నేల బాగుపడేదాకా ఏం నాటినా నిలవదు కదా!

మన రైతులు గమనించాల్సింది

ప్రకృతి సేద్యం అంటే మన కంచె లోపలి పని అనుకుంటాం. కేశనపల్లి చూశాక నాకు అలా అనిపించడం లేదు. ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోసినా, ఉప్పునీరు నిలిచిన పాదులో సూక్ష్మజీవి బతకదు. ముందు మురుగు పోవాలి, ఆ తర్వాతే మిగతావన్నీ.

తీరానికి దగ్గరగా తోట ఉన్నవాళ్లు ఈ పనులు చేయండి:

- వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి బోరు నీటికి, మట్టికి ఉప్పు పరీక్ష చేయించండి.
- పౌర్ణమి, అమావాస్య పోట్లకి డ్రెయిన్‌లో నీరు ఎక్కడిదాకా వస్తోందో గుర్తు పెట్టుకోండి. ఫొటో తీసి తేదీ రాయండి. అధికారులకి అర్జీ పెట్టేటప్పుడు ఇదే మీ సాక్ష్యం.
- తోటలో బోదెలు లోతు చేసి, వాన నీటితో ఉప్పు కడిగి పోనివ్వండి. నీరు దిగాక జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నండి.
- పక్క రైతులతో కలిసి, వానలకి ముందే పిల్ల కాలువల్లో తూడు, గుర్రపుడెక్క తీయించండి. డ్రెయిన్ మొగలో ఇసుక మేట తీయడం, తలుపులు పెట్టడం రైతు వల్ల అయ్యేది కాదు. అది ప్రభుత్వం పని, ఊరంతా కలిసి అడగాలి.

సాయంత్రం అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోట కెమెరా ఆపేశాం. బొబ్బర్లంక దగ్గర నీటిని లోపలికి పంపే ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందో, ఈ చివర నీటిని బయటికి పంపే ఏర్పాటు కూడా అంత గట్టిగా ఉంటేనే మధ్యలో మూడంతస్తుల తోట నిలుస్తుంది. మీ ఊళ్లో డ్రెయిన్ పరిస్థితి ఎలా ఉందో వీడియో కింద రాయండి. రేపు యానాం మీదుగా కాకినాడ వైపు వెళ్తున్నాం.