త్రాసు చూపని లాభం

స్థూలకాయంతో బాధపడే ఒక వ్యక్తి నెల రోజులు క్రమం తప్పక నడిచి, ఎంతో ఆశతో త్రాసు ఎక్కుతాడు. ముల్లు కదలదు. మర్నాటి నుంచే నడక ఆగిపోతుంది. ‘నోరు కట్టుకుంటే కదా తగ్గేది!’ అని ఇంటివారు దెప్పుతారు. మన ఇళ్ళలో తరచుగా కనిపించే దృశ్యమిది. నిజానికి ఆ నడక వృథా కాలేదు. దాని లాభాన్ని కొలిచే సాధనం త్రాసు కాదు, అంతే.

ఆకలి కేవలం మనోనిగ్రహానికి సంబంధించిన విషయమని మనం భావిస్తాం. దాని వెనుక హార్మోన్లు కూడా ఉన్నాయి. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ జన్యువును కనుగొన్నది. కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ ‘నిల్వలు చాలు’ అని మెదడుకు తెలియజేస్తుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు గ్రెలిన్‌ను గుర్తించారు. జీర్ణాశయంలో పుట్టే ఈ హార్మోను భోజనానికి ముందు పెరిగి ఆకలి కలిగిస్తుంది.

స్థూలకాయుల రక్తంలో సాధారణంగా లెప్టిన్ ఎక్కువగానే ఉంటుంది. కాని మెదడు దానికి తగినట్లు స్పందించదు. ఈ స్థితిలో ఆహారం బాగా తగ్గించి బరువు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. అలా బరువు తగ్గినవారిలో ఏడాది తరువాత కూడా ఈ మార్పులు కొనసాగినట్లు 2011లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనం చూపింది. కనుక వారిని వేధించే ఆకలి తిండిపోతుతనం కాదు.

వ్యాయామం తీరు వేరు. చెమట పట్టేలా శ్రమించిన తరువాత కొంతసేపు గ్రెలిన్ తగ్గుతుంది. కడుపు నిండిన భావన కలిగించే జీఎల్‌పీ-1, పీవైవై అనే పేగు హార్మోన్లు పెరుగుతాయి. ఈ ప్రభావం తాత్కాలికమే, అందరిలో ఒకేలా ఉండదు. అయినా తిండి తగ్గించినప్పుడు వెంటనే పుట్టేటంత ఆకలి, అంతే శక్తిని వ్యాయామంతో ఖర్చు చేసిన రోజున సాధారణంగా పుట్టదు.

అంతకన్నా ముఖ్యమైన మేలు పొట్ట లోపల జరుగుతుంది. కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు మధుమేహానికి, గుండె జబ్బులకు దారితీస్తుంది. క్రమమైన వ్యాయామం ఈ కొవ్వును, బరువు పెద్దగా తగ్గకపోయినా, తగ్గించగలదు. కనుక త్రాసుతో పాటు టేపు కూడా చేత పట్టాలి. దక్షిణాసియా పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచనగా పరిగణిస్తారు.

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. ఫజ్ర్ నమాజు తరువాతి సమయం ఇందుకు అనువైనది. బయటకు వెళ్ళే వీలులేని స్త్రీలకు ఇంటి మేడ చాలు. అయితే అరగంట నడకతో ఖర్చయిన శక్తిని రెండు సమోసాలు తిరిగి ఇచ్చేస్తాయని మరువరాదు. మధుమేహానికి మందులు వాడేవారు, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

మన ఇంట్లో ఎవరైనా నడక మొదలుపెడితే ‘ఎన్ని కిలోలు తగ్గావు?’ అని అడగవద్దు. చెప్పులు వేసుకుని వారి వెంట నడుద్దాం.