జార్జిటౌను వీధులలో ఒక పూట

మద్రాసు నగరానికి, అంటే 1996 నుండి చెన్నైగా వ్యవహరింపబడుతున్న మహానగరానికి, బంధుమిత్రులు వచ్చినప్పుడు వారిని మెరీనా తీరానికీ, మైలాపూరు కోవెలకూ తీసుకువెళ్ళడం పరిపాటి. జార్జిటౌను చూపించమని ఎవరూ అడగరు. అక్కడికి వెళ్ళేవారు టోకు సరుకు కొనే వర్తకులు, హైకోర్టులో పని ఉన్నవారు మాత్రమే. ఇరుకైన వీధులు, చేతిబండ్లు, నెత్తిన మూటలతో దారి ఇవ్వమని అరిచే కూలీలు: ఇవే చూపరులకు మొదట కానవస్తాయి. అయినప్పటికీ ఈ నగరం ఎలా పుట్టిందో, ఎవరెవరు కూడి దీనిని నిర్మించారో తెలియాలంటే అతిథులను ఈ పేటలోనే నడిపించాలని నా అభిప్రాయం.

ఈ నడకకు ప్యారీస్ కార్నరు మంచి ఆరంభస్థానం. అక్కడ ఒక భవనం పక్కన పొట్టి రాతిస్తంభం ఒకటి ఉన్నది. దానిని గమనించేవారు అరుదు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీవారికి ఈ తీరాన కోట కట్టుకొనడానికి అనుమతినిచ్చాడు. కోటకు ఉత్తరాన సాలెవారు, వర్తకులు, దుబాసీలు వచ్చి స్థిరపడ్డారు. దొరలు ఆ జనావాసాన్ని ‘బ్లాక్ టౌన్’ అన్నారు, నల్లవారి పట్టణమన్నమాట. 1746లో కోటను పట్టుకున్న ఫ్రెంచివారు ఆ పట్టణంలో కొంతభాగం పడగొట్టగా, తరువాత కోట ఫిరంగులకు అడ్డు ఉండరాదని ఇంగ్లీషువారే మిగతాది నేలమట్టం చేశారు. ఈ హద్దు దాటి ఇండ్లు కట్టరాదని 1773లో ఆరు స్తంభాలు నాటించారు. మిగిలినది ఈ ఒక్కటే. నేటి హైకోర్టు నిలిచిన నేల ఆనాటి పట్టణంలోనిదే. హద్దుకు ఉత్తరాన పెరిగిన కొత్త బ్లాక్ టౌనుకు 1911లో జార్జిటౌను అని పేరు మార్చారు.

కార్నరుకు తూర్పున రాజాజీ సాలై వెంట బర్మాబజారు దుకాణాలు బారులు తీరి ఉంటాయి. బర్మానుండి కట్టుబట్టలతో తిరిగివచ్చినవారి జీవనోపాధికై 1969లో ఏర్పాటైన బజారిది. అక్కడి వీధిబండ్లపై ‘అత్తో’ అనే బర్మా నూడిల్సు వంటకం అమ్ముతారు. అతిథులు కాదన్నా ఒక పళ్ళెం తినిపించవలసిందే.

అక్కడినుండి పడమరగా నడిస్తే తంబుచెట్టి వీధి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక, 1914లో మద్రాసుకు తరలివచ్చి దినపత్రికగా మారి, ఈ వీధినుండే దీర్ఘకాలం వెలువడింది. ఇదే వీధిలో కాళికాంబాల్ ఆలయమున్నది. 1677లో ఛత్రపతి శివాజీ ఈ అమ్మవారిని దర్శించాడని స్థానికులు చెప్పుకొంటారు.

పక్కనే ఆర్మీనియన్ వీధి. 1712లో వెలసి, 1772లో పునర్నిర్మితమైన ఆర్మీనియన్ చర్చి ఇక్కడ ఉన్నది. బయటి సందడినుండి ఈ ఆవరణలో అడుగుపెట్టినవారు తమంత తామే గొంతు తగ్గించి మాట్లాడతారు. నేలపై పరచిన సమాధిఫలకాలు, నీడనిచ్చే చెట్లు, విడిగా నిలిచిన గంటాగోపురంలో ఆరు పెద్ద గంటలు. ప్రపంచంలోనే తొలి ఆర్మీనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో వెలువడినది ఆర్మీనియాలో కాదు, ఈ మద్రాసులో! దానిని ప్రచురించిన మతాచార్యుడు హరుత్యూన్ ష్మవోన్యన్ ఈ ఆవరణలోనే విశ్రమించాడు. తమ భాషలో అక్షరాలు అచ్చువేసుకొనడానికి ఇంత దూరాన చోటు దొరికిన జాతి నేడు ఈ నగరంలో దాదాపు కనుమరుగైనది.

ఉత్తరాన మన్నడి ప్రాంతంలో వీధుల పేర్లు చదువుతూ పోవడమే ఒక చరిత్రపాఠం. పగడాల వర్తకుల వీధి యూదులను గుర్తుచేస్తుంది. వారు మధ్యధరా సముద్రపు పగడాలు తెచ్చి, ప్రతిగా మన గోలకొండ సీమ వజ్రాలు కొనిపోయేవారు. పోర్చుగీసు చర్చి వీధి ఒకటి. అంగప్ప నాయకుని పేరుగల వీధిలో మసీదు ఉన్నది. ఇన్ని మతాలూ ఆదినుండి సామరస్యంతో మెలిగాయని చెప్పడం తేలిక. కాని అది నిజం కాదు.

ఆ సంగతి చెప్పవలసిన చోటు ప్రకాశం సాలై. ఒకప్పుడు ఇక్కడ మురుగుకాలువ పారేది. పాఫమ్ అనే ఇంగ్లీషువాడు దానిని పూడ్పించి బాట వేయగా బ్రాడ్వే అయినది. దీనికి తూర్పున ముత్యాలపేట, పడమర పెద్దనాయకన్‌పేట. పట్టణపు కావలి బాధ్యత వహించిన పెద్దనాయకునివలన ఈ రెండవ పేరు వచ్చింది. ఆనాటి ప్రజలు కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలుగా చీలి ఉండేవారు. ఆంధ్రదేశంనుండి వచ్చిన కోమట్లు ఒక పక్షం, బేరి శెట్లు మరొక పక్షం. ఎవరి పెళ్ళి ఊరేగింపు ఏ వీధిలో సాగాలన్న తగవుపై నెత్తురు చిందింది. 1707లో కంపెనీవారు కుడిచేతివారికి పెద్దనాయకన్‌పేటను, ఎడమచేతివారికి ముత్యాలపేటను కేటాయించి రాజీ కుదిర్చారు.

నాటి రెండు పేటలనూ విడదీసిన ఆ బాటకే నేడు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరున్నది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాకకు నిరసనగా హర్తాళ్ జరిగినప్పుడు పోలీసు కాల్పులలో ఒకడు మరణించాడు. ఆ శవాన్ని చూడబోయిన ప్రకాశంగారు తనపై గురిపెట్టిన తుపాకులకు రొమ్ము చూపినది ఈ ప్యారీస్ ప్రాంతంలోనే.

తెలుగునాటినుండి వచ్చినవారు ఇక్కడ తప్పక ఒక ప్రశ్న వేస్తారు: “ఇందులో మనదేది?” ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన 1953నాటి ‘మద్రాసు మనదే’ నినాదం కొందరి మనసులలో ఇంకా చల్లారలేదు. నేను వారిని వాదించి ఒప్పించబోను. దేవరాజ మొదలి వీధిలోని జంట ఆలయాలకు తీసుకువెళతాను. పాత పట్టణంతోపాటు కూల్చబడిన కోవెలకు బదులుగా 1760 దశకంలో చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర స్వాములకు ఇక్కడ ఆలయాలు లేచాయి. చెన్నై అన్న పేరు ఈ కేశవునివలన వచ్చిందని కొందరు, వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకునివలన వచ్చిందని మరికొందరు అంటారు. తెలుగు నాయకుని పేరో, దేవుని పేరో, తమిళుల రాజధానికి నిలిచింది. దీనిలో మన వాటా ఎంత అని తూచడానికి తక్కెడ ఎక్కడున్నది?

పిదప కొత్వాల్ చావడి. 1996లో కూరగాయల టోకు మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయినా, ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి ఆలయం ఇక్కడనే ఉన్నది. దానిని దాటి మింట్ వీధి చేరేసరికి పొద్దు వాలుతుంది. షావుకారుపేటలో మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు తరతరాలుగా కాపురమున్నాయి. వారి జైనమందిరాలు, జిలేబీ మూకుళ్ళు, కచోరీ దుకాణాలు వీధి పొడవునా కనిపిస్తాయి. రెండు చక్కిలాల నడుమ కూరముక్కలు, పచ్చడి పెట్టి ఇచ్చే ‘మురుక్కు సాండ్విచ్’ ఈ పేట ప్రత్యేకత. తమిళుల చక్కిలానికి ఉత్తరాది చట్నీ పూసి, ఇంగ్లీషు పేరు పెట్టి అమ్ముతున్నారు!

అతిథులలో వృద్ధులుంటే ఆదివారం ఉదయం రావడం మేలు. టోకు దుకాణాలు చాలవరకు మూసి ఉంటాయి గనుక నడవడానికి చోటు దొరుకుతుంది. తలెత్తి చూస్తే నామఫలకాల పైన పాత మేడల చెక్కడపు వసారాలు, కొయ్య కమ్మీలు కనిపిస్తాయి. వీటిలో చాలా ఇండ్లు ఇప్పటికే గిడ్డంగులైనాయి, కొన్ని కూలిపోయినాయి. చూపించదలచినవారు ఆలస్యం చేయరాదు.