కోనసీమ చేతులు చెప్పిన కథలు

రాతలో లేని నాటకాన్ని అప్పటికప్పుడు చేతులతో, చూపులతో అల్లిన కళావంతులు మన గోదావరి పాయల మధ్యే ఉన్నారు. ఆ విద్యను మళ్లీ నేర్చుకోవాల్సిన సమయమిది.

‘ఆయన రాలేదు.’ నోటితో చెప్పడానికి రెండే మాటలు. తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా బతికిన కళావంతుల మేళంలో (బృందంలో) ఆరితేరిన అభినేత్రికి ఒకప్పుడు ఈ రెండు మాటలే చాలు, చాలాసేపు సభను కట్టిపడేసేది. పాడేదీ ఆవిడే, అభినయించేదీ ఆవిడే. మొదటిసారి ఆ మాట అందుకున్నప్పుడు చూపు గుమ్మం దాకా వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది. రెండోసారి, చుట్టి ఉంచిన తాంబూలాన్ని తిరిగి పళ్లెంలో పెట్టేస్తుంది. మూడోసారి జడలో పూలు లాగేయబోయి, లాగకుండానే చెయ్యి దించుతుంది. ఆశ ఇంకా చావలేదన్నమాట. నాలుగోసారికి చేతులు రెండూ ఒళ్లో పడి ఉంటాయి. కనుబొమ ఒక్కటే కదులుతుంది. చూసేవాళ్లకు అక్కడ గుండె పట్టేస్తుంది.

పద్ధతి తెలియడానికి చెప్పిన ఉదాహరణ ఇది. అసలు మేళంలో ఏ సారికి ఏ చెయ్యి పడుతుందో ముందుగా రాసిపెట్టి ఉండేది కాదు. పల్లవి ఒకటే, దాని మీద పుట్టే సంచారి భావాలు, అంటే క్షణక్షణం మారే భావాలు, అనేకం. ఆ పూట గొంతు ఎలా ఉంది, ఎదురుగా కూర్చున్నవాళ్లు దేనికి తలూపుతున్నారు, మద్దెల ఎటు నడుస్తోంది అన్నదాన్ని బట్టి అభినయం అక్కడికక్కడే పుట్టాలి. వాయించే మేళగాళ్లు కూడా ఒకచోట కూర్చునేవారు కాదు. ఆమె ముందుకు నడిస్తే వెనకే నడుస్తూ వాయించేవారు. క్షేత్రయ్య పదాలు, జావళీలు ఇలా వాయిద్యం, గొంతు, చెయ్యి కలిసి అల్లుకున్న చిన్న చిన్న నాటకాలే.

కోనసీమ పేరు చెప్పగానే జగ్గన్నతోట ప్రభలు, గరగలు, వీరభద్రుడి సంబరాల్లో వీరనాట్యం గుర్తొస్తాయి. అవి ఒళ్లంతా ఊగే కళలు, వీధి మొత్తాన్ని కదిలించే కళలు. కళావంతుల అభినయం వాటికి పూర్తిగా భిన్నం. చాప మీద కూర్చునే పదం పట్టొచ్చు, అంటే పదాన్ని అభినయించొచ్చు. ముంజేయి కాస్త తిరిగితే అర్థం మారిపోతుంది. అందుకే దాన్ని దగ్గర నుంచి చూడాలి, ఓపికగా చూడాలి.

కోనసీమలోని ముమ్మిడివరానికి చెందిన అన్నాబత్తుల బులి వెంకటరత్నం ఈ విద్యలో పేరుమోసిన కళాకారిణి. కళావంతుల మేళాల్లో సత్యభామ ప్రధాన పాత్రగా సాగే భామాకలాపం కూడా ఆడేవారు. కూచిపూడిలో సత్యభామ వేషం మగవాళ్లు కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషానికే పేరుపడ్డారు. మేళంలో మాత్రం ఆడవాళ్లే భామలు. కూచిపూడి భామ ముఖం చూపించకముందే తెర మీదుగా జడ వేస్తుంది. ఒక్క మాటైనా పలకకముందే ఆమె అతిశయమెంతో సభకు తెలిసిపోతుంది. ఒక భావానికి సరిపోయే ఒక్క శారీరక చర్యను పట్టుకోవడమంటే ఇదీ.

‘అభినయ దర్పణం’ అనే నాట్య గ్రంథంలో ఒంటి చేత్తో పట్టే హస్తాలు 28 ఉన్నాయి. పతాకం, త్రిపతాకం అంటూ నాట్యం నేర్చుకునే పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. మంచిదే. కానీ అవి అక్షరాలు. అక్షరాలు వచ్చినంత మాత్రాన ఉత్తరం రాయడం వచ్చినట్టు కాదు. ఆ రాయడమే కళావంతుల దగ్గర ఉన్న విద్య.

ఒకే ఏడాది, రెండు దారులు

ఇలాగే స్క్రిప్టు చేతిలో లేకుండా, నటులంతా కలిసి శరీరాన్నే ఆధారం చేసుకుని నాటకం అల్లుకోవడం ఇవాళ ప్రపంచ నాటకరంగంలో గౌరవమైన చదువు. పారిస్‌లో నట శిక్షకుడు జాక్ లెకాక్ 1956లో పెట్టిన బడి దానికి పెద్ద పీఠం. లండన్‌లో 1983లో మొదలైన కాంప్లిసిటే నాటక బృందం ఆ బడి పెంపకంలోంచి వచ్చిందే.

అదే 1956లో మన దగ్గర జరిగింది వేరు. కళావంతుల్లాంటి కుటుంబాల్లో ఆడపిల్లల్ని దేవుడికి అంకితమిచ్చే ఆచారాన్ని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టం చేసింది. 1956లో ఆంధ్రలో దానికి సవరణ తెచ్చి, పెళ్లిళ్లలో మేళాలు పెట్టడాన్నీ ఆపేశారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం అంతకు ఎన్నో ఏళ్ల ముందే, భోగం మేళాలని పిలిచే ఈ మేళాల మీద పోరాడారు. ఆ సంస్కరణ అవసరమే. పుట్టిన కులాన్ని బట్టి ఒక ఆడపిల్ల బతుకు ఇలాగే సాగాలని శాసించే ఆచారాన్ని ఎవరూ వెనకేసుకు రాకూడదు. కానీ ఆచారం పోవాలి, విద్య నిలవాలి అన్న ఆలోచన ఆ రోజుల్లో చాలామందికి లేకపోయింది. కళ ఆగింది గానీ కళావంతుల మీద నింద మాత్రం ఆగలేదు. చాలామంది తల్లులు కూతుళ్లకు నేర్పడం మానేశారు. నా దృష్టిలో ఇది తెలుగు నాటకానికి జరిగిన పెద్ద నష్టం.

నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ (1923-2011) ఆ నింద పట్టించుకోకుండా గోదావరి జిల్లాల కళాకారిణుల్ని వెతుక్కుంటూ వెళ్లి, వేదిక మీద కూర్చోబెట్టి గౌరవించారు. నర్తకి స్వప్నసుందరి ఆ సంప్రదాయాన్ని విలాసినీ నాట్యం పేరుతో ప్రపంచానికి చూపించారు. ముమ్మిడివరం అన్నాబత్తుల మంగతాయారు దగ్గర నర్తకి యశోదా ఠాకూర్ ఈ విద్య నేర్చుకున్నారు. పరిశోధకుడు దవేశ్ సోనేజీ 2012లో తెచ్చిన ‘అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్’ పుస్తకంలో గోదావరి తీరపు కళావంతుల జ్ఞాపకాలున్నాయి. బయట ఆడటం మానేసినా, ఇంట్లో తలుపులు వేసుకుని తమలో తాము పదాలు పట్టుకునేవారట. చూసేవాళ్లు లేకపోయినా ఆ చేతులు ఊరుకోలేదు. చదివిన ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోయే విషయమిది.

మన బడి నాటకాల సంగతి

ఈ విద్య లేని లోటు ఇవాళ మన బడుల్లో తెలుస్తుంది. వార్షికోత్సవాల్లో పిల్లల నాటికలు చూస్తున్నాం. దుఃఖమంటే నుదుటి మీద చెయ్యి. కోపమంటే ఎత్తిన వేలు. ప్రేమంటే గుండె మీద రెండు చేతులు. మాటలేమో రికార్డింగులో వస్తుంటాయి. పిల్లల తప్పు కాదది, వాళ్లకు మనం చూపించిందే అంత. అమ్మ కోపం అన్నం వడ్డించే గరిటెలో తెలుస్తుందని, అప్పు అడగడానికొచ్చిన మనిషి భుజం మీద తువ్వాలును ఎలా సర్దుకుంటాడో చూడమని ఎవరైనా చెబితే వాళ్లే అద్భుతాలు చేస్తారు.

అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో నాటికలు వేయించే ఉపాధ్యాయులకు, అధ్యాపకులకు ఒక విన్నపం. ఈసారి స్క్రిప్టు పక్కన పెట్టండి. పిల్లలకు ఒకే ఒక్క వాక్యం ఇచ్చి, నోరు విప్పకుండా అయిదు రకాలుగా చూపించమనండి. వచ్చినవాటిలో నిజమైనవి ఏరి, వాటితోనే నాటిక అల్లండి. ఈ విద్య తెలిసిన పెద్దలు మీ చుట్టుపక్కల ఉంటే గౌరవంగా పిలిపించండి, వాళ్లు ఒప్పుకుంటే వీడియో తీసి భద్రపరచండి. కళావంతుల ఇళ్లలో కళతో పాటు ఎంతో బాధ కూడా ఉంది. కాబట్టి గతం గురించి గుచ్చి గుచ్చి అడక్కండి, పదం ఎలా పట్టాలో అడగండి.