హ్యాండిల్‌ కాస్త ఎత్తితే ఒళ్లునొప్పులు ఎందుకు తగ్గుతాయి?

పిల్లలూ, దూరప్రయాణాలు చేసే బైకుల్లో కొన్నింటికి హ్యాండిల్‌ కింద అల్యూమినియం దిమ్మలు కనిపిస్తాయి. వాటినే రైజర్లంటారు. రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తుతో ఏమొస్తుంది? పొట్టి చీపురుతో ఊడిస్తే నడుం వంగుతుంది, పొడుగు కర్ర చీపురైతే నిటారుగా ఉంటాం కదా! ఇక్కడా అంతే. హ్యాండిల్‌ కిందికి ఉంటే ఒళ్లు ముందుకు వాలి, బరువు కొంత మణికట్ల మీద పడుతుంది. రోడ్డు చూడాలని తలెత్తితే మెడ పట్టేస్తుంది. హ్యాండిల్‌ పైకొస్తే ఆ బరువు సీటు మీదికి మళ్లుతుంది.

అయితే ఎంత ఎత్తితే అంత మంచిదా? కాదు. మరీ నిటారుగా కూర్చుంటే ఎదురుగాలి ఛాతీకి కొడుతుంది, కుదుపులు నేరుగా వెన్నుకు తగులుతాయి. పైగా హ్యాండిల్‌ ఎత్తినా కేబుళ్ల పొడవు పెరగదు. మలుపులో యాక్సిలరేటర్‌ కేబుల్‌ బిగుసుకుంటే ఇంజిన్‌ దానంతటదే వేగం అందుకోవచ్చు. అందుకే బోల్టులు బిగించాక, బండిని న్యూట్రల్‌లో స్టార్ట్‌ చేసి, హ్యాండిల్‌ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడాలి. ఇంజిన్‌ వేగం మారకుండా ఆ పరీక్ష నెగ్గి, ఒంటికీ హాయిగా ఉన్న ఎత్తే సరైన ఎత్తు.