ఇరుక్కున్న ఇంపెల్లర్‌ను విరగకుండా తీయాలంటే

అడ్డతీగల చుట్టుపక్కల వాగుల ఒడ్డున పెట్టిన మోనోబ్లాక్ పంపులకు వానాకాలంలో పెద్దగా పనుండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండ నీళ్ళే పొలంలోకి దిగుతాయి. పంపు పాకలోనో పట్టా కింద గట్టు మీదో, కడుపులో కాసిని నీళ్ళతో అలాగే పడి ఉంటుంది. రబీ మొదలయ్యాక స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది గానీ తిరగదు, లోపల నీళ్ళను విసిరే చక్రం, అంటే ఇంపెల్లర్, ఇరుక్కుపోయి ఉంటుంది.

అప్పుడు చేయాల్సిన మొదటి పని స్విచ్ ఆపడం. ఇంకొక్కసారి వేసి చూద్దామనిపిస్తుంది, వేయకూడదు. తిరగలేని మోటారు మామూలుకంటే ఐదు నుంచి ఎనిమిది రెట్ల కరెంటు లాగుతుంది. మూడు హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు నడిచేటప్పుడు సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటే, ఇరుక్కున్నప్పుడు 30 దాకా పోవచ్చు. మోటారు వెనక గాలి విసిరే ఫ్యాన్ కూడా ఆగిపోయి ఉంటుంది కాబట్టి ఆ వేడంతా వైండింగ్ మీదే పడుతుంది. తుప్పు వల్ల వచ్చిన చిన్న చిక్కు మోటారు కాలడం దాకా వెళ్ళేది చాలాసార్లు ఇలాగే. స్విచ్ ఆపితే సరిపోదు, ఫ్యూజులు కూడా పీకి జేబులో వేసుకోవాలి. పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని చోట, చేతులు పంపులో ఉండగా ఎవరో స్టార్టర్ నొక్కే అవకాశం ఉండకూడదు.

తర్వాత మోటారు వెనక మూత తీసి ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూడాలి. ఇళ్ళలో వాడే చిన్న పంపుల్లో షాఫ్టు చివర స్క్రూడ్రైవర్ పట్టే గాడి తరచుగా ఉంటుంది. వాటిలో ఇత్తడి ఇంపెల్లర్‌కూ పంపు ఇనుప మూతకూ మధ్య సందు చాలా సన్నం. మూత మీద పట్టిన తుప్పే ఇంపెల్లర్‌ను బిగించేస్తుంది. అటూ ఇటూ నెమ్మదిగా ఆడిస్తే చాలావరకు వదులుతుంది, ఇంపెల్లర్‌ను తీయాల్సిన అవసరమే రాదు. కొద్దిగా కదిలి ఒకే చోట టక్కున ఆగుతుంటే అది తుప్పు కాదు, వాగు ఇసుకలోని గులకరాయి. సక్షన్ వైపు విప్పి దాన్ని తీసేస్తే సరి. అసలు కదలకపోతేనో, ఇంపెల్లర్ అరిగి మార్చాల్సి వస్తేనో లోపలికి వెళ్ళాలి.

పైపులు విప్పి, మోటారును కేసింగ్‌కు పట్టి ఉంచిన బోల్టులు తీస్తే ఇంపెల్లర్‌తో సహా మోటారు వెనక్కి వస్తుంది. ఇప్పుడు ఇంపెల్లర్ ముందున్న నట్టు ఎటు తిప్పితే ఊడుతుంది? ఎక్కువ పంపులు పాడయ్యేది ఇక్కడే. ఊడుతుందనుకుని ఇంకా బిగిస్తారు, చివరికి మర తెగుతుంది. గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. నడుస్తున్నప్పుడు దానంతటదే ఊడిపోకుండా మర దిశను ఎంచుకుంటారు. అందుకే నట్టుకు ఎదురుగా నిలబడి చూస్తే, షాఫ్టు తిరిగే దిశలోనే నట్టు ఊడుతుంది. తిరిగే దిశను కేసింగ్ మీది బాణం చెబుతుంది. బాణం చెరిగిపోతే కేసింగ్ లోపలి దారి చూడండి. అది ఎటు పోతూ వెడల్పవుతుందో అటే నీళ్ళు తిరుగుతాయి, ఇంపెల్లరూ అటే. స్విమ్మింగ్ పూల్ పంపుల్లో చాలావాటికి ఇంపెల్లరే షాఫ్టు మరకు ఎక్కుతుంది. వెనక షాఫ్టును పట్టుకుని ఇంపెల్లర్‌ను తిప్పాలి, దానికీ ఇదే సూత్రం. అది ప్లాస్టిక్‌ది కాబట్టి కింద చెప్పే వేడి పద్ధతులు దాని దగ్గరికి రానీయకూడదు.

నట్టు ఊడినా ఇంపెల్లర్ రాదు. ఇనుము తుప్పు పడితే రెండింతలకు పైగా చోటు కావాలి. షాఫ్టుకూ, అది దూరే ఇంపెల్లర్ నడిమి భాగమైన హబ్‌కూ మధ్య ఆ చోటు లేదు కనుక తుప్పు రెంటినీ మేకులా బిగించేస్తుంది. దీన్ని సుత్తితో గెలవలేం. ఇంపెల్లర్ పోత ఇనుముదైతే అందులో కర్బనం రేకుల్లా పరుచుకుని ఉంటుంది, దెబ్బ తగిలితే వంగదు, పగులుతుంది. షాఫ్టు కొన మీద కొడితే ఆ దెబ్బ బేరింగ్ గుండ్లకు తగిలి వాటి గాడిలో గుంటలు పడతాయి. పంపు ఆ రోజు బాగానే తిరుగుతుంది, నెల తిరక్కుండా అరుస్తుంది.

రాత్రి పడుకోబోయే ముందు షాఫ్టును నిలువుగా నిలబెట్టి, హబ్ చుట్టూ తుప్పు వదిలించే నూనె పోయాలి. అది దొరక్కపోతే డీజిల్లో కాస్త ఇంజనాయిల్ కలిపి పోయవచ్చు. తెల్లవారి ఇంకోసారి పోయాలి. నట్టును షాఫ్టు కొనతో సమంగా ఉండేలా మళ్ళీ ఎక్కిస్తే మర చెడదు, ఇంపెల్లర్ ఒక్కసారిగా ఎగిరి కాళ్ళ మీద పడదు. తర్వాత ఇంపెల్లర్‌ను బయటికి లాగే పుల్లర్ తగిలించాలి. హబ్ ముఖం మీద రెండు మరల రంధ్రాలుంటే ఒక ఇనుప పట్టీ, మూడు బోల్టులతో పుల్లర్‌ను లేతు షాపులోనే చేయించుకోవచ్చు. అదీ లేకపోతే రెండు టైరు లీవర్లు, ఎదురెదురుగా, హబ్‌కు వీలైనంత దగ్గరగా పెట్టి ఒకేసారి ఎత్తాలి. అంచు పట్టి ఎత్తితే ఇంపెల్లర్ పెచ్చు ఊడుతుంది. పుల్లర్‌ను బిగించి వదిలేయాలి. పావుగంట ఆగి ఇంకో పావు చుట్టు బిగించాలి. ఆ ఆగడం కూడా పనిలో భాగమే. బిగువు నిలిచి ఉంటే నూనె లోపలికి పాకుతుంది, తుప్పు కొద్దికొద్దిగా విరుగుతుంది.

అప్పటికీ రాకపోతే వేడి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే కొండకమ్మరులకు ఇది తెలిసిన విద్యే. వేడెక్కిన పట్టా సాగుతుంది, చక్రానికి ఎక్కుతుంది, నీళ్ళు పోస్తే బిగుస్తుంది. ఇక్కడ మనకు కావాల్సింది అందులో మొదటి సగం. హబ్‌లో 25 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే, వేడి 100 డిగ్రీలు పెరిగితే అది సుమారు 0.03 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కంటికి కనపడని ఆ కాస్తే తుప్పు పట్టును విడగొడుతుంది. ముందు సలసల కాగే నీళ్ళు హబ్ మీద ధారగా పోయండి. షాఫ్టు వేడెక్కేలోపు పుల్లర్ బిగించాలి, ఆలస్యమైతే రెండూ కలిసి సాగుతాయి, లాభం ఉండదు. మంట పెట్టాల్సి వస్తే నూనె, డీజిల్ పూర్తిగా తుడిచాకే పెట్టాలి. మంట తగిలితే వెనకనున్న సీలు రబ్బరు పాడవుతుంది, కొత్త సీలు ముందే తెచ్చి పెట్టుకోవాలి. తొందరపడి లాగి ఇంపెల్లర్ పగిలితే, దాని సైజు దొరికే దాకా పొలం ఎండుతుంది. కొండ ఊళ్ళో ఆ విడిభాగం కోసం రంపచోడవరమో ఏలేశ్వరమో పోయి రావాలి, అక్కడా లేకపోతే కాకినాడ. అందుకే ఒక రోజు ఆలస్యమైనా నిదానంగా తీయడమే చవక.

బయటికి వచ్చాక షాఫ్టును ఎమరీ కాగితంతో రుద్ది, గ్రీజు పలుచగా రాసి, షాఫ్టునూ ఇంపెల్లర్‌నూ కలిపి పట్టే కీ దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి బిగించాలి. పాత గాస్కెట్ మళ్ళీ వేయకూడదు. కేసింగ్ నిండా నీళ్ళు పోయకుండా నడపకూడదు, ఒట్టిగా తిరిగితే కొత్త సీలు నిమిషాల్లో కాలుతుంది. వైర్లు విప్పి మళ్ళీ కలిపిన త్రీఫేజ్ మోటారు వెనక్కి తిరగవచ్చు. నీళ్ళు వస్తాయి గానీ ధార బలహీనంగా ఉంటుంది. వెంటనే ఆపి, ఫ్యూజులు తీసి, మూడు ఫేజుల్లో ఏవైనా రెండు తారుమారు చేస్తే చాలు. వచ్చే వానాకాలానికి ముందు డ్రెయిన్ ప్లగ్గు తీసి లోపలి నీళ్ళన్నీ వంపేసి, ఫ్యూజులు తీసి ఉంచి, వారానికోసారి ఫ్యాన్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పుతూ ఉండాలి.