అడవిలో లేని పువ్వు

ఆగస్టు వచ్చేసరికి మా పెన్సిల్వేనియాలో పెరటి పూల సందడి సద్దుమణుగుతుంది. సరిగ్గా అప్పుడు పూయడం మొదలెడుతుంది ఫ్రాంక్లినియా. అయిదు తెల్లటి రేకులు, నడుమ పసుప్పచ్చని కేసరాల గుత్తి, సన్నటి తీపి వాసన. మన తేయాకు మొక్కకి చుట్టమే.

1765లో జాన్ బార్ట్రమ్, ఆయన కొడుకు విలియమ్ జార్జియాలోని ఆల్టమహా నది ఒడ్డున ఈ పెద్ద పొదని చూశారు. తర్వాత విలియమ్ మళ్ళీ వెళ్ళి, విత్తనాలు తెచ్చి ఫిలడెల్ఫియాలోని తమ తోటలో పెంచాడు. తండ్రి స్నేహితుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు పెట్టాడు. ఆ నదీతీరంలో కొద్దిపాటి మేర తప్ప ఇది అడవిలో మరెక్కడా కనబడలేదు. 1803 తర్వాత అక్కడా కనబడలేదు! కారణం వరదలా, కార్చిచ్చా, పత్తి సాగుతో వచ్చిన వేరుకుళ్ళు తెగులా అన్నది ఇంకా తేలలేదు. నేడు బతికున్న ఫ్రాంక్లినియాలన్నీ ఆ తోట సంతతేనని భావిస్తున్నారు.

తెగులు సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది. నా మొదటి మొక్కని పెరట్లో పల్లపు చోట, బంకమట్టిలో నాటాను. రెండో వేసవిలో ఆకులు వాడిపోతే దాహమనుకుని మరింత నీరు పోశాను. చచ్చిపోయాక పీకి చూస్తే వేళ్ళు నల్లగా మెత్తబడి ఉన్నాయి. ఫైటాఫ్తోరా అనే సూక్ష్మజీవి పని ఇది. దీని బీజాలకి తోకలుంటాయి, తడిమట్టిలో ఈదుకుంటూ వేళ్ళని చేరతాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు కనుక మొక్క దాహంతో ఉన్నట్టే కనిపిస్తుంది. మనం పోసే నీరు శత్రువుకే సాయం.

మనలో కంప్యూటర్లతో పనిచేసేవారికి ఒక మాట. కొమ్మ అంటుకట్టి పెంచితే అది అచ్చమైన కాపీ. విత్తనం వేస్తే కొంత మార్పు ఉంటుంది గానీ, మూలం ఆ గుప్పెడు విత్తనాలే కాబట్టి వైవిధ్యం తక్కువ. ఒక మొక్కని పడగొట్టిన తెగులు మిగతావాటినీ పడగొట్టగలదు. అందుకే వేరువేరు ఊళ్ళలో, వేరువేరు పెరళ్ళలో పెరిగే ప్రతి మొక్కా ఒక బ్యాకప్పే.

రెండో మొక్కని మట్టి దిబ్బ చేసి, ఆమ్లగుణం ఉన్న నేలలో, నీరు నిలవకుండా నాటాను. కాయ పండటానికి ఏడాది పైనే పడుతుంది. ఈసారి పూలు వచ్చాయి, ఒక్క కాయ నిలిచింది. పండితే ఆ విత్తనాలు ఆరిపోకముందే నాటాలి. మీ పెరట్లో నీరు నిలవని చోటుంటే, మీరూ ఒక మొక్క వేసి చూడండి.