చాయ్‌పత్తి లేని చాయ్

నవీపేట్ అడ్డ మీద మనం తాగే చాయ్‌పత్తి అస్సాం దిక్కుకెళ్లి రావాలె. ధనియాలు, బెల్లం, పసుపు మాత్రం మన ఇంట్లనే ఉంటయి.

నాలుగు చెంచాల ధనియాలు, పది మిరియాలు, చిన్న శొంఠి కొమ్ము సన్నమంట మీద దోరగ వేయించి దంచుకోవాలె. గ్లాసు నీళ్లల్ల చెంచ పొడి ఏసి, ముప్పావు గ్లాసయ్యేదాంక మరిగించి వడగట్టాలె. దించినంకనే బెల్లం, కాగిన పాలు కలపాలె. పొయ్యి మీద కలిపి మరిగిస్తే పాలు ఇరిగిపోతయి. దీంట్ల కెఫిన్ లేదు, రాత్రి తాగినా నిద్ర చెడదు.

పసుపు పాలల్ల చిటికెడు మిరియాల పొడి ఎయ్యాలె. మిరియంల ఉన్న పైపరిన్‌ వల్ల పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి ఎక్కువ పడుతది.

బెల్లం గూడ చక్కెరనే, షుగరున్నోళ్లు ఎయ్యొద్దు. జ్వరం తగ్గకుంటే కషాయం నమ్ముకోవద్దు, డాక్టర్ దగ్గరికి పోవాలె.

1937ల పెట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015ల మూతపడ్డది. పసుపు బోర్డు 2025ల నిజామాబాద్‌కొచ్చింది. కానీ పండించేది మనం, ధర చెప్పేది ఇంకొకరు. గదే పసుపు రంగుల డబ్బాల తిరిగొస్తే మనమే కొంటున్నం. మన పంట విలువ ముందు మన పొయ్యి కాడ తెలవాలె. అప్పుడే యార్డుల గట్టిగ అడుగుతం.